రబ్బరు బాతు ఇంటికొచ్చిన రోజు

"గ్యాస్ బుక్ చేయడానికి పాస్‌వర్డ్ ఏంటి?" అని హాల్లోంచి భర్త కేకేశాడు.

ఆమె మోచేతుల దాకా సబ్బు నురగలో ఉంది. పాలగిన్నె అడుగున అతుక్కుపోయిన మీగడను పీచుతో తోముతూ, తలైనా తిప్పకుండా, అక్షరం అక్షరం విడగొట్టి చెప్పింది. కూతురి ముద్దుపేరు, పుట్టిన తేదీ, చివర ఒక చుక్క. అతను కొట్టాడు, పడలేదు. "సరిగ్గా చెప్పొచ్చుగా" అని విసుక్కున్నాడు. "మొదటి అక్షరం పెద్దది" అని మళ్ళీ చెప్పింది. అది అయ్యేసరికి పన్నెండేళ్ళ కూతురు స్కూలు పాఠాలు తెరిచే పాస్‌వర్డ్ అడిగింది. కూతురిది అయ్యేసరికి అత్తగారు, సీరియల్ మధ్యలో ఆగిపోయిందనీ మళ్ళీ ఏదో అడుగుతోందనీ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆ ఇంటి తాళాలన్నీ ఇలా రోజూ పొద్దున్నే వంటింటి కిటికీలోంచి వీధిలోకి వినపడుతూనే ఉంటాయి. దొంగెవడైనా వస్తే గోడలు దూకక్కర్లేదు. ఏడున్నరకి వచ్చి కాసేపు కిటికీ కింద నిలబడితే చాలు.

"ఒక్కసారి రాసి పెట్టుకోవచ్చు కదండీ" అని ఒకప్పుడు అడిగింది. "నువ్వున్నావుగా" అన్నాడు భర్త. పిచ్చిది, అది మెచ్చుకోలు అనుకుని ఆ మాటను కొన్నేళ్ళు దాచుకుంది. ఎవరి మందు ఎప్పుడు, ఎవరి చెప్పుల కొలత ఎంత, ఏ చుట్టానికి ఏ చుట్టంతో మాటల్లేవు, ఏ సొరుగులో ఏ కాగితం ఉంది, ఏ గడికి ఏ పాస్‌వర్డ్... అన్నీ ఆమె తలలోనే. జీతం లేదు, సెలవు లేదు, మర్చిపోయిన రోజున మాత్రం మాట పడాలి. ఆమె ఫోనుకైతే తాళమే లేదు. "మొగుడూ పెళ్ళాల మధ్య తాళాలేంటి, ఎవరికి దాస్తున్నావు?" అని ఎప్పుడో అతనన్నాడు. నిజమే కదా అనుకుంది. అతని ఫోను అతని బొటనవేలికే తెరుచుకుంటుందనీ, అందులో తన వేలికి చోటు లేదనీ ఆమెకు తట్టడానికి చాలాకాలం పట్టింది.

బ్యాగు భుజాన వేసుకుని "వెళ్ళొస్తానత్తయ్యా" అంది. శనివారం. ఆమె పనిచేసే ల్యాబుకి శనివారం ఒంటిపూట.

"కుళాయిలన్నీ కట్టేశావా?" అంది అత్తగారు.

"కుళాయిగారు కట్టకుండా ఎక్కడికి వెళ్తారమ్మా!" అని భర్త పేపరు వెనక నుంచి నవ్వాడు.

అయినా అత్తగారు ఊరుకోదు. లేచి వెళ్ళి స్నానాల గదిలో కుళాయి, వంటింట్లో కుళాయి, వెనక పంపు ఒక్కొక్కటీ కీచుమనేదాకా బిగించి వస్తుంది. ఎవరు బయటికి వెళ్తున్నా అంతే, పద్నాలుగేళ్ళుగా అంతే. ఆ కీచు విన్నప్పుడల్లా తన చెవినే ఎవరో మెలిపెట్టినట్టు ఉంటుంది ఆమెకు.

ఇంతకీ ఆ కుళాయి కథ చెప్పాలి. ఆమె కాపురానికి వచ్చి నెలైనా కాలేదు. ఓ పొద్దున నీళ్ళు రాలేదు. కుళాయి తిప్పి చూసింది, గాలి తప్ప చుక్క రాలేదు. అందరూ చుట్టాలింటికి వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కింద వాటాలో టైలరు వీధిలో నిలబడి ఉన్నాడు, చేతిలో నీళ్ళోడుతున్న కోటు. మధ్యాహ్నం నీళ్ళొచ్చాయి, స్నానాల గది నిండింది, గడప దాటింది, కింద పైకప్పులోంచి టైలరు కుట్టి తగిలించిన బట్టల మీద కురిసింది. "ఎవరు? కుళాయి తిప్పి వదిలేసిన మహాతల్లి ఎవరు?" అని మామగారు మెట్ల మీదే నిలబడి అరిచాడు. వీధంతా చూస్తోంది. కట్టేసిందా, కట్టలేదా? ఎంత ఆలోచించినా కొత్త కోడలికి గుర్తు రాలేదు. గడగడలాడుతూ "నేనేనేమో మామయ్యా" అంది.

అంతే. మామగారు పోయి ఆరేళ్ళయింది కానీ ఆ కథ పోలేదు. ఇంటికి ఎవరొచ్చినా పది నిమిషాల్లో అదే. "మా కోడలు పైన కుళాయి తిప్పిందంటే కింద వానే" అని మొదలుపెట్టేది అత్తగారే. నీళ్ళోడే కోటును చేత్తో పట్టుకున్నట్టు చూపించేది భర్త. ఇల్లంతా నవ్వు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే "అబ్బో, ఉక్రోషం" అంటారు. భర్త పెట్టిన పేరు "కుళాయిగారు". గారు కూడా తగిలించాడు, మర్యాదస్తుడు.

ఆ పద్నాలుగేళ్ళలో ఆమె నేర్చుకున్నది కుళాయి కట్టేయడం ఒక్కటే కాదు. దాచడం నేర్చుకుంది. మాడిపోయిన గిన్నెను పాత పేపర్లలో చుట్టి, మూడు వీధుల అవతల చెత్తకుండీలో వేసి వచ్చింది. చెవిపోగు శీల పోతే నెలరోజులు జుట్టు చెవుల మీదికి దువ్వుకుంది. స్టూలు మీంచి పడి మణికట్టు వాచినా ఎవరికీ చెప్పకుండా, రెండు రోజులు ఎడమ చేత్తో పిండి కలిపింది. అడ్డమైన జాగ్రత్తలూ పడింది, ఒక్క నోరు విప్పడం తప్ప.

ఆఫీసులోనూ ఒక కుళాయి కథ ఉంది. అక్కడ దాని పేరు బాతు.

ఆమె పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో, రిపోర్టుల విభాగంలో. ఆమెతో కలిపి ఏడుగురు. ఎవరి ఒంట్లో ఏముందో ఆ మనుషులకంటే ముందు వీళ్ళకే తెలుస్తుంది. ఒక్క లాగిన్ తెరిస్తే వేలమంది రిపోర్టులు. వాటి కోసం దొంగ మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. అందుకని కంప్యూటర్ల విభాగంవాళ్ళు నెలకోసారి తామే ఒక ఉత్తుత్తి దొంగ మెయిలు పంపి, ఎవరు నొక్కుతారో చూస్తారు. అక్కడిదాకా బాగానే ఉంది. దాని మీద పెద్దసారుకి ఒక ఆలోచన వచ్చింది. నొక్కినవాళ్ళ బల్ల మీద ఒక పసుపుపచ్చ రబ్బరు బాతును నెలంతా కూర్చోబెట్టాలి. ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. "సరదాగా నేర్చుకుంటారు" అన్నాడు. దారిన పోయే ప్రతివాడూ ఆ బాతు పొట్ట నొక్కి కీచుమనిపించి పోయేవాడు.

కళ్ళజోడు సారు బల్ల మీద అది రెండుసార్లు కూర్చుంది. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఎంత చిన్న అక్షరాల రిపోర్టులోనైనా ఒక అంకె తేడా ఉంటే పట్టుకునే మనిషి. రెండోసారి ఫోటో పెట్టినప్పుడు నవ్వుతూనే నిలబడ్డాడు, మర్నాటి నుంచి రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ తర్వాత ఆ విభాగం నుంచి "ఈ మెయిలు తేడాగా ఉంది, చూడండి" అని ఒక్క ఫిర్యాదూ వెళ్ళలేదు. "చూశారా, మూడు నెలలుగా ఒక్క తప్పూ లేదు. బాతు మహిమ!" అని పెద్దసారు మీటింగులో చేతులు దులుపుకున్నాడు. తప్పులు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. అలాంటి ఇంట్లో మాడిన గిన్నెలు మూడు వీధుల అవతల దొరుకుతాయి.

సరిగ్గా అప్పుడే ఆమెను టీమ్ లీడర్ని చేశారు. ఆరునెలల పరీక్షాకాలం, నచ్చితే ఉంచుతారు, లేకపోతే మళ్ళీ పాత కుర్చీ. ఇంట్లో చెబితే భర్త కనుబొమలు ఎగరేసి "ఏడుగురికి లీడరా? కుళాయిలు ఎవరు చూసుకుంటారు?" అన్నాడు. ఆ రాత్రి కంచాలు కడుగుతూ ఏడ్చింది. ఏడ్చినందుకు తన మీదే కోపమొచ్చింది.

పాత లీడరు బల్లతోపాటు బాతును కూడా అప్పజెప్పి వెళ్ళాడు. దాన్ని పారేసే ధైర్యం లేదు ఆమెకు, ఎవరి బల్ల మీదా పెట్టే మనసూ లేదు. సొరుగులో అడుగున పడేసింది. ఒకరోజు కళ్ళజోడు సారు చెమటలు కక్కుతూ ఏదో గబగబా చెరిపేస్తుండటం చూసింది. "ఏమైంది సార్?" అంటే "ఏం లేదు మేడం, ఏం లేదు" అన్నాడు. ఆ రెండో "ఏం లేదు" తనదే. ఎన్నిసార్లు అనలేదు! కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, మాడిన గిన్నెను పేపర్లో చుట్టుకుని మూడు వీధులు నడిచిన సంగతి చెప్పింది. "నిండు ఎండలో సార్, చంకలో గిన్నె, దొంగనడక. దారిలో ఒకావిడ కొత్త గిన్నెనా అని అడిగింది కూడా." ఆయన నవ్వాడు. నవ్వాక మెల్లిగా, "నిన్న ఒక మెయిల్లో ఏదో తెరిచాను మేడం. అప్పటినుంచీ అన్నం సయించట్లేదు" అన్నాడు. ఇద్దరూ కలిసి కంప్యూటర్ల విభాగం ఆవిడకు ఫోన్ చేశారు. ఏమీ కాలేదని తేలింది. ఏమీ కాని దానికి ఒక మనిషి ఒక రోజంతా అన్నం మానేశాడు.

అప్పటినుంచి సోమవారం పొద్దున పది నిమిషాలు ఆమె అందర్నీ కూర్చోబెట్టేది. ఉపన్యాసం కాదు. ఆ వారం తనను ఏ మెయిలు బుట్టలో వేయబోయిందో ముందు తనే చెప్పేది. "మా అమ్మాయి స్కూలు పేరుతో వచ్చింది, వేలు దాదాపు ఆనింది" అనేది. కుర్చీలోంచి లేస్తే స్క్రీనుకి తాళం వేసి లేవడం తను చేసి చూపించింది. ఎవరైనా మర్చిపోతే అరవకుండా తనే వెళ్ళి వేసేది. మెయిలు ఎవరి పేరుతో వచ్చినా, తేడా అనిపిస్తే ఆ మనిషికి ఫోన్ చేసి కనుక్కోమంది, పెద్దసారు పేరుతో వచ్చినా సరే. "ఆయన తిడితే?" అన్నారు. "నా పేరు చెప్పండి" అంది. ఇంకో మాట కూడా పెట్టింది. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి, ఇంకొకరిది ఎవరూ మోయకూడదు, చాటకూడదు. చెప్పినవాళ్ళతో ముందు "చెప్పావు, మంచి పని చేశావు" అనాలి. తర్వాత "ఎప్పుడు?" తర్వాత "ఇప్పుడేం చేద్దాం?" "ఎందుకు చేశావు" అన్నది ఆ గదిలోకి రాకూడదు. జనం తలలూపారు. నమ్మారా అంటే, సగం. బాతు ఇంకా సొరుగులోనే ఉందని వాళ్ళకీ తెలుసు.

ఇక ఈ శనివారం. పదిన్నర. డాక్టరుగారొకరు అర్జెంటు రిపోర్టు అడుగుతున్నారు. ఫోను మోగింది, భర్త. "గ్యాస్‌ది మళ్ళీ పడట్లేదు, మార్చేశావా ఏంటి?" ఆమె భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని "మొదటి అక్షరం పెద్దదండీ" అంటూనే, ఎదురుగా వచ్చిన మెయిలు తెరిచింది. 'మీ పాస్‌వర్డ్ గడువు ఈ రోజుతో ముగుస్తుంది, ఇక్కడ కొత్తది పెట్టుకోండి' అని కంప్యూటర్ల విభాగం పేరుతో ఉంది. నొక్కింది. పాతది అడిగింది. నోటితో భర్తకు చెబుతున్నదాన్నే వేళ్ళతో కొట్టింది. ఎందుకంటే రెండూ ఒకటే. కూతురి ముద్దుపేరు, పుట్టిన తేదీ, చుక్క. పేజీ తెల్లగా అయిపోయింది. అలాగే ఉండిపోయింది.

పంపినవాళ్ళ చిరునామా అప్పుడు చూసింది, ఒక అక్షరం తేడా. సోమవారం సోమవారం ఆరుగురికీ చూపించిన తేడానే.

"ఆఁ, పడింది" అని భర్త పెట్టేశాడు.

ఎవరూ చూడలేదు. ఆమె చుట్టూ చూసింది. కళ్ళజోడు సారు రిపోర్టులో తలదూర్చి ఉన్నాడు. నిజమైన పేజీకి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చేసి ఊరుకుంటే? రెండు నిమిషాల పని. వచ్చే వారంతో పరీక్షాకాలం అయిపోతుంది. తెలిస్తే ఏమంటారు? అందరికీ చెప్పే లీడరమ్మే వెళ్ళి పడింది అంటారు. ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ బాతు ఆమె బల్ల మీంచి దిగదు. ఇంట్లో కుళాయి, ఇక్కడ బాతు. పేపర్లో చుట్టిన గిన్నె బరువు చంకలో తగిలినట్టే అయింది. ఈసారి మాత్రం గిన్నె తనది కాదు. ఆ లాగిన్ వెనక వేలమంది ఉన్నారు. ఇంట్లో కూడా చెప్పుకోని జబ్బుల్ని ఇక్కడ రెండు చుక్కల రక్తంలో ఒప్పజెప్పి వెళ్ళినవాళ్ళు. తను ఆలోచిస్తున్న ప్రతి నిమిషం అవతల ఎవడో ఆ తలుపు దగ్గర ఉన్నాడు.

లేచి నిలబడింది.

"అందరూ ఒక్క నిమిషం వినండి. నేను ఇప్పుడే దొంగ మెయిల్లో నా పాస్‌వర్డ్ కొట్టాను. అయిదు నిమిషాలైంది. కంప్యూటర్ల విభాగం పేరుతో వచ్చింది. ఎవరికైనా వచ్చి ఉంటే ముట్టుకోకండి." అంటూనే ఫోన్ చేసింది, అందరికీ వినపడేలా పెట్టింది.

కంప్యూటర్ల విభాగం ఆవిడ ఒక్క ప్రశ్న ఎక్కువ అడగలేదు. "లాగిన్ మూసేస్తున్నా. ఆగండి... అమ్మో, మూడు నిమిషాలుగా బయట నుంచి ఎవరో ప్రయత్నిస్తున్నారు. లోపలికి రాబోయి... ఆగింది. ఆగింది మేడం. రిపోర్టులు ఏవీ తెరవలేదు."

అప్పుడు కళ్ళజోడు సారు కుర్చీ కీచుమంది. ఆయన లేచాడు. "నేను కూడా కొట్టాను మేడం. పొద్దున తొమ్మిదింటికి. ఈ సంగతి... భోజనాల వేళకి చెబుదామనుకున్నాను" అన్నాడు.

"చెప్పారు. మంచి పని చేశారు సార్" అంది ఆమె. ఆ మాట బయటికొచ్చేసరికి ఆమెకే ఎక్కడలేని బలం వచ్చింది. "తొమ్మిదింటికా? ఇప్పుడేం చేద్దాం?" ఆయన లాగిన్ కూడా మూశారు. "నాకూ వచ్చింది, తెరవలేదు" అని కౌంటరు అమ్మాయి, "నాకూ" అని ఇంకొకరు. పన్నెండు కొట్టేసరికి అన్ని తలుపులూ మూసి, తాళాలు మార్చి, ఎవరి రిపోర్టూ బయటికి పోలేదని రెండుసార్లు చూసి చెప్పింది కంప్యూటర్ల ఆవిడ.

కబురు తెలిసి పెద్దసారు పైనుంచి దిగాడు. మొహం గంటు పెట్టుకునే వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే ఆమె సొరుగు లాగి, బాతును తీసి, తన బల్ల మీద తనే పెట్టుకుంది.

"ఇదుగోండి సార్. ఫోటో తీసుకోండి."

పెద్దసారు బాతును చూశాడు, ఆమెను చూశాడు. ఫోనులో కంప్యూటర్ల ఆవిడ గొంతు ఇంకా లైన్లోనే ఉంది. "సార్, ఒక్క మాట. అప్పట్లో మూడు నెలలపాటు ఆ గదిలో తప్పుల్లేవని మీరనుకున్నారు. మాకు చెప్పేవాళ్ళు లేరు, అంతే. ఈ రోజు చెప్పారు గనక బతికిపోయాం" అంది.

ఆయన కాసేపు మీసం సవరించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ బాతు పొట్ట నొక్కలేదు. "తీసెయ్యండి దాన్ని" అన్నాడు చివరికి. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే, "మీ ఆర్నెల్ల కాగితం మీద సోమవారం సంతకం పెడతాను. ఉండిపోండి" అని వెళ్ళిపోయాడు. మంచి మాటని కూడా తిట్టినట్టే చెప్పడం ఆయన అలవాటు. కళ్ళజోడు సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. అంత లోతుగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. హమ్మయ్య అని పైకే అంది, రెండుసార్లు.

పారేద్దామని బ్యాగులో వేసుకున్న బాతు ఆమెతోపాటు ఇంటికొచ్చింది. మంచినీళ్ళ సీసా తీయబోయిన కూతురి చేతికి దొరికి కీచుమంది. "ఇదేంటమ్మా?"

హాల్లో అందరూ ఉన్నారు. ఎప్పుడూ అయితే "ఏదో ఆఫీసుది" అనేసేది. ఇవాళ నోరు దాచే అలవాటు తప్పింది. చెప్పేసింది. మెయిలు, తెల్ల పేజీ, అయిదు నిమిషాలు, అన్నీ.

భర్త పగలబడి నవ్వాడు. "మళ్ళీ కుళాయేనా! ఈసారి ఎవరి కోటు తడిపావు?"

"ఎవరి కోటూ తడవలేదు" అంది ఆమె. గొంతు ఆమె అనుకున్నదానికంటే నెమ్మదిగా వచ్చింది. "వెంటనే చెప్పాను కాబట్టి. చెప్పినా నవ్వరని తెలిసిన చోట చెప్పాను కాబట్టి. అన్నట్టు, ఇవాళ్టి నుంచి ఎవరి పాస్‌వర్డులు వాళ్ళే పెట్టుకోండి, ఎవరివి వాళ్ళే గుర్తుపెట్టుకోండి. కూర్చుని ఎలాగో చూపిస్తాను. కిటికీలోంచి అరవను. నా ఫోనుకి కూడా తాళం వేశాను."

"మొగుడిక్కూడా చెప్పవా?"

"మొగుడిక్కూడా."

కూతురు వాళ్ళ నాన్న వంక కాదు, అమ్మ వంక చూస్తోంది. "నాకు నేర్పమ్మా, ముందు నాకు" అంది. కుళాయి మాటొస్తే ముందు అందుకునే అత్తగారు మాత్రం బాతును ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆమె వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగింది. వెనకే అత్తగారు వచ్చింది. అలవాటుగా కుళాయి మీద చెయ్యేసి, బిగించకుండా ఊరికే పట్టుకుని నిలబడింది.

"చెబితే నిన్నేమీ అనలేదా, మీ ఆఫీసులో?"

"ఏమీ అనలేదత్తయ్యా."

"ఒక్కరూ నవ్వలేదా?"

"లేదు."

అత్తగారు కుళాయి మీంచి చెయ్యి తీసింది. "నీళ్ళు రాని ఆ రోజు, స్నానాల గదిలోకి నీ తర్వాత నేను వెళ్ళానే. నువ్వు కట్టేసే ఉంచావు. నీళ్ళొచ్చాయేమోనని నేను తిప్పి చూశాను. రాలేదు. రిక్షా వచ్చిందని మీ మామగారు కేకేస్తే అలాగే వదిలేసి పరిగెత్తాను."

ఆమె చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"కాపురానికొచ్చిన ఏడాది నూనె సీసా జారవిడిచాను. అప్పటినుంచి పోయేదాకా మీ మామగారు నన్ను చిల్లుచేతులు అనే పిలిచారు. పేరు పెట్టి పిలవగా వినలేదు నేను. ఆ రోజు మెట్ల మీద ఎవరు ఎవరు అని అరుస్తుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో నువ్వే అన్నావు, నేనేనేమో అని. నేను ఊరుకున్నాను. ఊరుకుని, ఎవరికీ అనుమానం రాకూడదని నేనే ముందు చెప్పడం మొదలుపెట్టాను. చెప్పీ చెప్పీ..." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కుళాయిలు బిగించేది నీకోసం కాదమ్మాయ్. నాకు నా మీద నమ్మకం లేక."

పద్నాలుగేళ్ళు! మొదట కోపమే వచ్చింది, ఒళ్ళంతా మండింది. ఎన్ని పండగలకి, ఎంతమంది ముందు, ఎన్ని నవ్వులు! మూడు వీధుల నడక, వాచిన మణికట్టు, దువ్వుకున్న చెవులు అన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. ఈ ముసలావిడ మీద గ్లాసు విసిరేయాలనిపించింది. ఆ మంట వెనకాలే ఇంకొకటి మెల్లిగా వచ్చింది. నేను కాదు. నేను కట్టేశాను. ఆ కొత్త కోడలికి పందొమ్మిదేళ్ళు, గడగడలాడుతూ మెట్ల కింద నిలబడింది, అది కుళాయి కట్టేసే వచ్చింది. భుజాల మీంచి ఏదో దిగిపోయింది. ఆమె ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆఫీసులో తేలిగ్గా వచ్చే మాట ఇక్కడ గొంతు దాటడానికి చాలాసేపు పట్టింది.

"చెప్పారు" అంది చివరికి. "మంచి పని చేశారత్తయ్యా. ఇప్పుడేం చేద్దాం?"

"వాడికి చెప్తావా?"

"నేను చెప్పను. ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. అది మా రూలు."

అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ ఉండగానే హాల్లోంచి కేక వినపడింది.

"కుళాయిగారూ! కాసిని మంచినీళ్ళు!"

అలవాటైన చెయ్యి గ్లాసు ముంచబోయింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు దోపుకుంది. "వస్తున్నానురా!" అని తనే పలికి, హాల్లోకి నడిచింది.

"నిన్ను కాదమ్మా, దాన్ని పిలిచా."

"తెలుసు. కానీ ఆ పేరు నాదిరా. నీళ్ళు తర్వాత నువ్వే ముంచుకుందువు గానీ, ముందు ఇలా కూర్చో."

వంటింట్లోకి కుర్చీ లాగిన చప్పుడు వినపడింది. ఆమె గ్లాసు బోర్లించి, తడి చేతులు తుడుచుకుని, వినడానికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.